మెట్ట నేల వినిపించే వేళ

హైదరాబాదు శివార్లలో నాదర్‌గుల్ దాటి ఆదిబట్ల వైపు తెల్లవారుజామున సైకిలు మీద వెళ్లేవాళ్లకు ఒక కూత బాగా అలవాటు. రాతి కడీలు పాతి, ముళ్లతీగ చుట్టి, 'ప్లాట్లు అమ్మబడును' అని బోర్డు పెట్టిన జాగాలోంచి వస్తుంది. మొదట ఒకటి రెండు పొడికూతలు, ఆ తర్వాత గొంతు పెంచుకుంటూ మూడక్షరాల మోత, మళ్లీ మళ్లీ. కౌజుపిట్ట. ఒకటి మొదలుపెడితే అవతలి పొదలోంచి మరొకటి అందుకుంటుంది. సర్కారు తుమ్మల కింద ఎక్కడుందో కంటికి మాత్రం చిక్కదు. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆగి ఆ జాగా సంగతి అడిగితే, 'ఏముందన్నా ఆడ, ఖాళీ జాగ' అంటారు. అలా అనడంలో తప్పేమీ లేదు. అక్కడ పైరు లేదు, బావి లేదు, ఇల్లు లేదు. తంగేడు, రేగు, నాలుగు నల్లరాతి గుండ్లు, అంతే. మరి అంత పొద్దున్నే అంత గొంతెత్తి అరిచే ప్రాణి కాపురమున్న చోటు ఖాళీ ఎలా అయింది? ప్రశ్న చిన్నదే. అయినా వదలదు. తుర్కయంజాల్ మలుపు దాకా పెడల్ తొక్కుతున్నంతసేపూ వెంటే వస్తుంది.

సైకిలు మీద ఎడారులు దాటుతూ, దారి పొడవునా శబ్దాలను రికార్డు చేసుకుంటూ పోయేవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. తెలుగు నేల మీద ఎవరికైనా ఆ కోరిక పుడితే ఎటు పోవాలి? అసలైన ఎడారి మనకు లేదు. జైసల్మేరులో ఏడాది మొత్తం మీద పడే వాన 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. మనలో అందరికంటే ఎండినదని పేరుబడ్డ అనంతపురానికి సగటున 550 మిల్లీమీటర్లు పడుతుంది. హైదరాబాదుకు దాదాపు 800. లెక్క ప్రకారం ఇవన్నీ మెట్ట ప్రాంతాలే తప్ప ఎడారులు కావు. కానీ కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి ఒడ్డుకు వెళ్లి నిలబడితే ఆ లెక్క కొంచెం తడబడుతుంది. అక్కడివాళ్లు హగరి అని పిలిచే ఆ నది ఏళ్ల తరబడి మేటవేసిన ఇసుకను నైరుతి గాలి ఎత్తుకుపోయి పొలాల మీద దిబ్బలుగా పోస్తుంది. జూన్ నుంచి గాలి తిరిగినప్పుడు ఇసుక నేలబారుగా పరుగెత్తుతుంది. పాదాల మీద చురచుర తగులుతుంది. సైకిలు చక్రం అందులో దిగబడితే దిగి నెట్టుకోవడమే గతి.

ఇసుక పాడుతుందని విన్నవాళ్లు అక్కడ చెవులు రిక్కిస్తారు. మార్కో పోలో కాలం నుంచీ ఎడారి ప్రయాణికులు ఆ మాట చెబుతూనే ఉన్నారు. రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి లిబియా ఎడారిలో కార్ల మీద తిరిగి, గాలికి కొట్టుకుపోయే ఇసుక మీద 1941లో ఒక శాస్త్ర గ్రంథమే రాశాడు. కొన్ని పెద్ద దిబ్బల మీద ఇసుక జారేటప్పుడు పుట్టే గంభీరమైన మోత అందులో ఒక అంశం. బాగా ఎండిన, ఒకే సైజు రేణువులు ఒకదాని మీద ఒకటి జారితేనే అది పుడుతుంది. హగరి ఒడ్డున అంత ఘనమైన సంగీతాన్ని ఆశించనక్కర్లేదు. ఈతచెట్ల మట్టల్లో గాలి గీరుకోవడం, ఎండిన శనక్కాయ కట్టె గలగల, దూరాన గొర్రెల మందను అదిలించే కేక, మిట్టల మీద గాలిమరల రెక్కలు తిరిగే చప్పుడు. వీటిలో ఏది ఎడారి శబ్దం, ఏది కాదు? ఆ గీత ఎవరు గీస్తారు?

సైకిలుకూ మైకుకూ పెద్దగా పొత్తు కుదరదని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలి మైకు పొర మీద సుడులు తిరుగుతుంది. వింటే వర్షంలో రేకుల షెడ్డు కింద కూర్చున్నట్టుంటుంది, ఇంకేమీ వినబడదు. నురుగు తొడుగు చాలదు. దాని మీద పిల్లి బొచ్చు లాంటి గుబురు తొడుగు వేస్తే కొంత నయం. గాలిని అదుపు చేస్తే చైను మిగులుతుంది. చైనును తుడిచి నూనె వేస్తే ఫ్రీవీలు టకటకలు. హ్యాండిలుకు కట్టిన సంచీ పట్టీ ఊగి కొట్టుకుంటుంది, ఇసుక రిమ్ముకు ఒరుసుకుంటుంది. అన్నిటికంటే ముందు తొక్కేవాడి ఊపిరి. దారి శబ్దం కోసం పెట్టిన మైకులో దారినపోయేవాడే నిండిపోతాడు. ఫోనుతో పని కానిద్దామనుకుంటే అది ఇంకో రకం చిక్కు. ఫోను మైకు మనిషి మాట కోసం తయారైంది. వెనకాల వినబడే కీచురాయిని, కౌజును అది రొదగా లెక్కగట్టి, తనంతట తానే అణిచేస్తుంది.

కాబట్టి ఆగాలి. సైకిలు గొప్పతనం దాని నడకలో కంటే ఆగడంలో ఉందని ఇక్కడే తెలుస్తుంది. కారుకు ఆపే చోటు కావాలి, మోటారు సైకిలు ఇంజను కట్టేశాక కూడా లోహం చల్లబడుతూ టిక్కుటిక్కుమంటుంది. సైకిలును ఏ తుమ్మచెట్టుకైనా ఆనించి పదడుగులు నడిస్తే చాలు. ఆగీ ఆగగానే ఏమీ వినబడదు, ఎందుకంటే మనిషి రాకకు అన్నీ నోరు మూసుకుంటాయి. కాసేపటికి ముందుగా ఒక మిడత ధైర్యం చేస్తుంది. తర్వాత దూరపు కీచురాళ్లు, ఆ తర్వాత దగ్గరివి. ఇంకాసేపు కదలకుండా కూర్చుంటే తీతువు వచ్చి నిలదీస్తుంది. పది నిమిషాల రికార్డింగులో మొదటి మూడు నిమిషాలు మనిషి వచ్చిన కబురే. అసలు నేల అక్కడి నుంచి మొదలవుతుంది.

వేళ కూడా అంతే ముఖ్యం. మే నెల మిట్టమధ్యాహ్నం కల్వకుర్తి దారిలోనో, కళ్యాణదుర్గం దారిలోనో ఆగి వింటే లోకం చచ్చినట్టే ఉంటుంది. పిట్టలు, జంతువులు నీడకు చేరడం ఒక కారణం. రెండోది గాలిలో ఉంది. నేల కాలిపోతున్నప్పుడు దాన్ని ఆనుకున్న గాలి వేడిగానూ, పైగాలి దానికంటే చల్లగానూ ఉంటుంది. వేడి గాలిలో ధ్వని వేగం ఎక్కువ కనుక శబ్దం తిన్నగా పోకుండా ఆకాశం వైపు వంగిపోతుంది. అర కిలోమీటరు అవతల ఎవరో కేకేసినా చెవికి అందకపోవచ్చు. పొద్దు గూకి నేల చల్లబడ్డాక ఇది తారుమారవుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి. శబ్దం తిరిగి నేల వైపుకు వంగుతుంది. పగలు వినబడని పక్క ఊరి గుడి గంట, రైలు కూత రాత్రి పెరట్లోకి వచ్చేది అందుకే. మెట్ట ప్రాంతంలో పగటికీ రాత్రికీ నేల వేడిలో తేడా మరీ ఎక్కువ, అందువల్ల ఈ మార్పు కూడా గట్టిగానే ఉంటుంది. ఎండకు భయపడి చీకటితోనే బయల్దేరి, మళ్లీ సాయంత్రం చల్లబడ్డాకే చక్రం కదిపే సైకిలు మనిషి, తనకు తెలియకుండానే, ఆ నేల గొంతు విప్పే రెండు వేళల్లో దాని మధ్యన ఉంటాడు.

మరి ఆ నేల ఎందుకు పనికొస్తుందో నిర్ణయించేవాళ్లు ఏ వేళప్పుడు వస్తారు? పదకొండు దాటాక, జీపులో. లేదంటే అసలు రానే రారు, పైనుంచి చూస్తారు. దేశంలోని పనికిరాని భూములన్నిటినీ గుర్తించి కేంద్ర భూవనరుల శాఖ 2000లో వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్ ప్రచురించింది. ఆ తర్వాత చాలాసార్లు సవరించి మళ్లీ వేసింది, 2019లో ఒకటి వచ్చింది. ఆ పటాలకు కావలసిన ఉపగ్రహ చిత్రాల పని జరిగింది మన బాలానగర్‌లోని రిమోట్ సెన్సింగ్ కేంద్రంలోనే. ఎంతో శ్రద్ధతో, నైపుణ్యంతో చేసిన పని అది, దాన్ని తక్కువ చేయకూడదు. చౌడు ఎక్కడ, కోత ఎక్కడ, ఇసుక ఎక్కడ అన్నది తెలియకపోతే నీటి పథకాలు వేయలేరు. కానీ ఆ జాబితాలో పొదల నేల కూడా ఒక తరగతి. ఉపగ్రహం కన్ను ఎంత పదునైనదైనా దానికి చెవి లేదు. పొదల కింద ఎవరున్నారో ఆ పటం చెప్పలేదు. చెప్పమని ఎవరూ దాన్ని అడగలేదు కూడా.

ఈ మాట ఏదో భావుకతతో అనేది కాదు. కడప జిల్లాలో ఒక చిన్న పిట్ట కథ దీనికి సాక్ష్యం. కలివికోడి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న థామస్ జెర్డన్ పేరు మీద శాస్త్రలోకం దాన్ని జెర్డన్స్ కోర్సర్ అంటుంది. 1848లో దాని వివరం అచ్చయింది. జానెడు కంటే కాస్త పొడవు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, ఎగరడం కంటే పరుగెత్తడం ఇష్టం. పెన్నా, గోదావరి లోయల్లో అక్కడక్కడా కనబడి, 1900లో అనంతపురం దగ్గర చివరిసారి నమోదై, మాయమైంది. 1930ల ప్రాంతంలో తూర్పు కనుమల్లో వెతికినవాళ్లకు దొరకలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం, బద్వేలు మధ్య పొదల అడవిలో రాత్రిపూట వేటకు వెళ్లిన ఒక స్థానికుడి చేతికి బతికిన పిట్ట చిక్కింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అక్కడ వెతుకుతున్న భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చారు. ఎనభై ఆరేళ్ల తర్వాత! రెండేళ్లకు, 1988లో, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అదే ఏడు తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల కూడా వేసింది.

పిట్ట బతికే ఉందని తెలిసింది సరే, ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయి? అక్కడే అందరూ ఇరుక్కుపోయారు. రాత్రి మాత్రమే తిరుగుతుంది. టార్చి వెలుగు పడితే కదలకుండా నిలబడుతుంది, లేదా పొద చాటుకు తప్పుకుంటుంది. దాని గొంతు ఎలా ఉంటుందో ఒక్కరికీ తెలియదు. చూసినవాళ్లే అరుదు, ఇక విన్నారా అని ఎవరిని అడగాలి? ఒకవేళ ఆ ఊళ్ల గొర్రెల కాపరులు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉండి, ఎవరూ అడగనందువల్ల చెప్పలేదేమో. 2000 తర్వాత పంచాపకేశన్ జెగనాథన్, ఆయన తోటి పరిశోధకులు పొదల మధ్య సన్నటి మట్టిని జల్లెడ పట్టినట్టు పరిచి, పొద్దున్నే వచ్చి దాని మీద పడ్డ అడుగుజాడలు చదవడం మొదలుపెట్టారు. మూడు వేళ్ల గుర్తులు, వెనక వేలు లేదు. తీతువుదా, కలివికోడిదా అని కొలిచి చూడటం. ఆ పనిలోనే దాని కూత రికార్డయింది. ఆ సంగతి 2004లో సొసైటీ పత్రికలో వెలువడింది. రెండు స్వరాల పొట్టి కూత, సెకనుకు ఒకటి చొప్పున కొన్ని సార్లు, పొద్దు గూకిన ముప్పావుగంట దాటాక కొద్దిసేపు. అంతే, ఆ తర్వాత మౌనం. ఆ కొద్దిసేపు అక్కడ లేనివాడికి ఆ అడవిలో ఆ పిట్ట లేనట్టే.

కూత చేతికి దొరకగానే పని తీరే మారిపోయింది. దాన్ని మునిమాపు వేళ చిన్న స్పీకరులో వినిపించి, జవాబు వస్తుందేమోనని చూడవచ్చు. అప్పటిదాకా అడుగుజాడ కూడా దొరకని పొదల్లో వెతకడానికి ఒక సాధనం వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని నివాసంలోకి వచ్చిపడింది. మద్రాసు దాహం తీర్చడానికి, రాయలసీమ పొలాలకు తడి ఇవ్వడానికి తలపెట్టిన కాలువ అది. దాన్ని కాదనే ధైర్యం ఎవరికుంటుంది? అయినా పరిశోధకుల దగ్గర ఆధారాలు ఉన్నందువల్ల కాలువ దారి మార్చారు. ఎండిన నేలలో నీళ్లు ఒక పిట్ట కోసం పక్కకు జరగడం మామూలు విషయం కాదు. అడుగుజాడలు, కూతలు, తేదీలు, స్థలాలు లేకుండా ఉత్త ప్రేమతో ఆ పని అయ్యేది కాదు. ఆ తర్వాత మళ్లీ ఏళ్ల తరబడి కలివికోడి జాడ లేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు కడప జిల్లాలో దాని కూతను మళ్లీ రికార్డు చేశారన్న వార్త వచ్చినప్పుడు, కంటికి కనబడిందా అన్న ప్రశ్న కంటే ముందు చెవికి చేరిన సాక్ష్యమే లోకాన్ని కదిలించింది.

నాదర్‌గుల్ నుంచి కలివికోడి దొరికిన లంకమల అడవి దాకా సైకిలు మీద పోవచ్చు. తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డు ఎక్కి, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, అచ్చంపేట, మన్ననూరు. అడవి గేటు రాత్రి మూస్తారు కాబట్టి మన్ననూరులో పడుకోవాల్సిందే. ఘాటు దిగితే దోర్నాల, ఆపైన గిద్దలూరు, పోరుమామిళ్ల, బద్వేలు. తారు వేడి, పల్లేరుకాయల పంక్చర్లు, చల్లటి మజ్జిగ పొట్లాలు. ఈ దారంతా వింటూ పోతే వినబడేది పిట్టలే కాదు. మెట్ట ప్రాంతపు మనిషి శబ్దాల్లో అన్నిటికంటే పెద్దది బోరు బండిది. తిరుచెంగోడు నంబరు ప్లేట్లతో రెండు లారీలు వస్తాయి, ఒకదాని మీద కంప్రెసరు, ఒకదాని మీద రిగ్గు. సుత్తి బండను కొడుతుంటే తెల్లటి రాతిపొడి ఈలవేస్తూ పైకి లేస్తుంది. రైతు, ఆయన భార్య, అప్పిచ్చినవాడు, అందరూ చుట్టూ నిలబడి వింటారు. రెండు వందల అడుగులు, నాలుగు వందలు, ఆరు వందలు. ప్రతి రాడ్డూ డబ్బే. చెమ్మ తగిలితే పొడి ఆగిపోయి బురద చిమ్ముతుంది, మోతలో పొడితనం తగ్గి అడుగున ఏదో ముద్దగా కొట్టుకున్నట్టవుతుంది. ఆ మార్పు కోసం ఒక కుటుంబం తెల్లవార్లూ చెవులప్పగించి నిలబడుతుంది. ఎడారి శబ్దాలు రికార్డు చేస్తానని బయల్దేరినవాడు ఆ రాత్రి అక్కడ మైకు తెరవాలా, మూయాలా? తెరిస్తే ఒకరి కష్టాన్ని మూటగట్టుకుపోయినట్టుంటుంది. మూస్తే ఆ నేల గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది. అడిగి, ఒప్పుకుంటేనే తెరవడం మంచిది. వాళ్లు ఒప్పుకోకపోతే బోరు బండి లేకుండానే ఆ రాత్రి గడవాలి.

పాటగాళ్ల దగ్గర ఈ సంకోచం తక్కువ, ఎందుకంటే వాళ్లు వినిపించడానికే ఉన్నారు. థార్ అంచున బోరుందా గ్రామంలో 1960లో కోమల్ కొఠారీ, విజయదాన్ దేథా కలిసి పెట్టిన రూపాయన్ సంస్థాన్ లంగాలు, మాంగణియార్లు అనే ఎడారి పాటగాళ్లను దశాబ్దాల పాటు రికార్డు చేసింది. ఆ టేపుల వల్లే ఎడారి అంటే నిశ్శబ్దం అనే ఊహ చాలామందిలో చెరిగిపోయింది. మన మెట్ట నేలలోనూ అలాంటి గొంతులు తక్కువేం లేవు. కర్నూలు, అనంతపురం పల్లెల్లో ఎలుగుబంటి తోలు టోపీ పెట్టుకుని డమరుకం, పిల్లనగ్రోవి పట్టుకు తిరిగే గొరవయ్యలు. నాగర్‌కర్నూల్ జిల్లాలో పన్నెండు మెట్ల కిన్నెర మీటిన దర్శనం మొగులయ్య, 2022లో పద్మశ్రీ. నారాయణపేట జిల్లా దామరగిద్దలో బుర్రవీణ దాసరి కొండప్ప, 2024లో పద్మశ్రీ. ఆ వాద్యాలు చేసిన సరుకు చూడండి: ఎండిన ఆనపకాయ బుర్ర, వెదురు, తీగ. నీళ్లు తక్కువున్న నేల ఏమిస్తే దానితోనే గొంతు కట్టుకున్నారు.

పోయిన గొంతులూ ఉన్నాయి. ఇప్పటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డి నేలలను 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేశారు. మగ బట్టమేక గొంతు కింది సంచిని గాలితో నింపి, వేలాడదీసి, లోతుగా ఊంకరిస్తే ఆ శబ్దం గడ్డిలో అర కిలోమీటరు దాకా పోయేది. చుట్టూ సాగు పెరిగింది, గడ్డి తగ్గింది, కృష్ణజింకలు మిగిలాయి, బట్టమేక వెళ్లిపోయింది. దేశం మొత్తం మీద స్వేచ్ఛగా తిరిగేవి ఇప్పుడు 150కి మించి లేవంటారు, అవీ దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే. ఇనుప తీగలకు కొట్టుకుని చచ్చేవి చస్తున్నాయి. ఆ ఊంకారం రోళ్లపాడులో ఆఖరుగా ఏ రోజు వినిపించిందో, అప్పుడు దగ్గర్లో ఎవరి దగ్గరైనా టేప్‌రికార్డరు ఉందో లేదో. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే పిల్లవాడు ఎడిసన్ ఫోనోగ్రాఫు ముందు పంజరంలోని పిట్టను పెట్టి మైనపు గొట్టం మీద దాని పాట ఎక్కించాడు. మనకు తెలిసినంతలో రికార్డయిన మొదటి పక్షి గొంతు అదే. ఆ పిట్ట మన దేశపు శ్యామా. అంత తొందరగా మొదలైన పని మన నేల మీద మాత్రం ఎందుకింత ఆలస్యమైంది?

ఆలస్యమైనా నాదర్‌గుల్ చుట్టుపక్కల ఇంకా వేళ మించిపోలేదు. చిన్న శిక్షణ విమానాల కోసం వాడిన ఎయిర్‌స్ట్రిప్ పక్కన పొదలున్నాయి. వనస్థలిపురం అంచున, నిజాంల కాలంలో వేటకు వాడిన నేలలో, 1975లో వెలిసిన మహావీర్ హరిణ వనస్థలి ఉంది. విజయవాడ రోడ్డు లారీల హోరు వెనక అక్కడ కృష్ణజింకల బుస, నెమలి కేక ఇప్పటికీ దొరుకుతాయి. చెరువుకైతే నిండు నీటిమట్టం గీత ఎఫ్‌టీఎల్ ఉంది, బఫర్ జోన్ ఉంది, ఆక్రమిస్తే అడిగే హైడ్రా అనే సర్కారు సంస్థ ఉంది. పొదల నేలకు అలాంటి గీత ఒక్కటీ లేదు. లేఅవుట్ అనుమతి అడిగినప్పుడు ఆ నేలలో ఎవరుంటున్నారో ఒక రాత్రి విని రాయమనే నిబంధన పెడితే తప్పేముంది? కొత్తగా కనిపెట్టాల్సింది కూడా ఏమీ లేదు. సౌతాంప్టన్, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తయారుచేసిన ఆడియోమాత్ అనే రికార్డరు అరచేతిలో ఇముడుతుంది, చెప్పిన వేళకు తనంతట తాను తెరుచుకుని మూసుకుంటుంది. నాదర్‌గుల్‌లో 1981 నుంచి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, దాన్ని విప్పి బిగించగల పిల్లలున్నారు. పొద్దు గూకిన గంట, తెల్లవారే ముందు గంట, నెలకు కొన్ని రోజులు, ఏడాది పొడవునా. ఫైలు పేరులో ఊరు, సర్వే నంబరు, తేదీ, వేళ. పక్కన పుస్తకంలో గాలి ఎటు నుంచి వీస్తోంది, అమావాస్యా పున్నమా, దగ్గర్లో ఏ మోటారు నడుస్తోంది అన్నది. రొద అనిపించిన ముక్కను కత్తిరించకూడదు, ఎందుకంటే ఇవాళ్టి రొదలో రేపు వెతికేవాళ్లకు ఏం దొరుకుతుందో తెలియదు. ఖర్చు కూడా పెద్దదేం కాదు: ఒక రికార్డరు, మూడు పెన్సిల్ సెల్లులు, జాగా యజమాని ఒప్పుకోలు.